చివరి సైకిల్ చేరే దాకా

నలుగురు కలిసి దూరప్రయాణానికి బయలుదేరితే ఊళ్లో అందరి చూపూ ముందు వెళ్లేవాడి మీదే ఉంటుంది. ఎవరు ముందు చేరారు, ఎన్ని గంటల్లో చేరారు అని అడుగుతాం. అందరికన్నా వెనక ఎవరున్నారని, అతనికి తోడు ఎవరున్నారని అడిగేవాళ్లు అరుదు. వాతావరణం అనుకూలంగా ఉన్నంతసేపు ఈ అలవాటు వల్ల పెద్ద నష్టం లేదు. మబ్బు కమ్మి, ఎదురుగాలి లేచి, వాన చినుకులు ముఖాన రాళ్లలా తగులుతున్నప్పుడు మాత్రం ఆ అలవాటు ప్రాణాల మీదికి తెస్తుంది. గాలివానలో సైకిల్ బృందం బలాన్ని కొలవాలంటే దాని చివరి మనిషిని చూడాలి.

ఒకప్పుడు మన తెనాలి, వేమూరు, రేపల్లె ప్రాంతాల్లో సైకిల్ బతుకుతెరువు. పాల క్యానులు, బట్టల మూటలు, చేపల గంపలు దాని మీదే ఊరూరా తిరిగాయి. బడి పంతులు, పోస్టుమాను, రోజు కూలీ అందరికీ అదే వాహనం. మోటారు బండ్లు వచ్చాక సైకిల్ వెనకబడింది. ఇప్పుడు అది మరో రూపంలో తిరిగి వస్తోంది. పట్టణాల్లో యువకులు, ఉద్యోగులు, అక్కడక్కడా అమ్మాయిలు కూడా బృందాలుగా కూడి వంద, రెండు వందల కిలోమీటర్లు తొక్కుతున్నారు. ఆరోగ్యానికి ఇది ఎంతో మేలు. దుర్వ్యసనాల నుంచి యువతను దూరంగా ఉంచే మంచి వ్యాపకం కూడా. 2017లో ఎనిమిది మంది బ్రిటన్ ముస్లింలు లండన్ నుంచి సైకిళ్ల మీద మదీనాకు బయలుదేరి, సిరియా బాధితుల వైద్యానికి విరాళాలు సేకరిస్తూ, హజ్ వేళకు చేరుకున్నారు. కనుక ఇది మనకు పరాయి విషయమేమీ కాదు.

అయితే "అందరూ వెళ్తున్నారు అబ్బా, నేనూ వెళ్తా" అని కొడుకు అడిగినప్పుడు తండ్రి తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

పోటీ లేని సవారీ

దూరప్రయాణ సైకిల్ సవారీల్లో ప్రపంచమంతటా పేరున్న పద్ధతిని 'బ్రెవే' అంటారు. ఇది ఫ్రెంచి మాట. ఇందులో మొదటి బహుమతి, రెండో బహుమతి ఉండవు. నిర్ణీత దూరాన్ని నిర్ణీత సమయంలో పూర్తి చేసిన ప్రతి ఒక్కరూ సమానమే. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు గడువు ఇస్తారు. మన లెక్కలో చెప్పాలంటే, తెనాలి నుంచి రేపల్లెకు రైలు దారి సుమారు 34 కిలోమీటర్లు. అంత దూరం మూడుసార్లు వెళ్లి మూడుసార్లు తిరిగి వస్తే 200 కిలోమీటర్ల బ్రెవే అవుతుంది. మన హైదరాబాద్‌తో సహా దేశంలోని పలు నగరాల్లో ఇవి జరుగుతున్నాయి.

వీటన్నిటికీ పెద్దది ఫ్రాన్సులో నాలుగేళ్లకోసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్. మొదటిసారి 1891లో పందెంగా మొదలైన ఈ ప్రయాణం దూరం సుమారు 1,200 కిలోమీటర్లు, గరిష్ఠ గడువు 90 గంటలు. 2007లో ఈ సవారీ జరిగినప్పుడు దారి పొడవునా వాన, ఎదురుగాలి. బయలుదేరిన ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు పూర్తి చేయలేకపోయారు. వాళ్లంతా ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లే, అదే ఏడాది 200 నుంచి 600 కిలోమీటర్ల దాకా నాలుగు పరీక్షలు దాటి వచ్చినవాళ్లే. వారినే వాన వెనక్కి పంపిందంటే, నిన్న మొన్న సైకిల్ కొన్న కుర్రవాడి మాట చెప్పేదేముంది?

గాలి చేసే లెక్క

సైకిల్ తొక్కేవాడికి కొండ కన్నా గాలే గట్టి శత్రువు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్నవాడికి ఎదురుగా అంతే వేగంతో గాలి వీస్తే, అతని ఒంటికి తగిలే గాలి వేగం 40 అవుతుంది. వేగం రెట్టింపైంది కనుక నిరోధం కూడా రెట్టింపే అనుకుంటాం. నిజానికి అది నాలుగింతలవుతుంది. కృష్ణా డెల్టా పూర్తిగా చదునైన నేల కావడం వల్ల ఇక్కడ సైకిల్ సుఖంగా సాగుతుందని చాలామంది అనుకుంటారు. ఆ చదును నేల మీద పంట కోసిన తరువాత గాలిని ఆపే అడ్డు కూడా ఏదీ ఉండదన్న సంగతి మరచిపోతారు.

గుంపుగా వెళ్లడంలోని ప్రయోజనం ఇక్కడే తెలుస్తుంది. ముందువాడు గాలిని చీల్చుకుంటూ వెళ్తే, అతని వెనకే దగ్గరగా వచ్చేవాడికి శ్రమ బాగా తగ్గుతుంది. అందుకే అనుభవజ్ఞులు కొద్దిసేపటికొకరు చొప్పున వంతులవారీగా ముందుకు వస్తారు. కాని వాన మొదలైతే ఈ సౌకర్యమే ప్రమాదమవుతుంది. తడిసిన రిమ్ము మీద బ్రేకు రబ్బర్లు వెంటనే పట్టవు. ముందు చక్రం ఎగజిమ్మే నీళ్లలో వెనకవాడికి గుంట కనిపించదు. ఒకడు జారితే వెనక నలుగురు అతని మీద పడతారు. కనుక వానలో సైకిళ్ల మధ్య ఎడం పెంచాలి. ఎడం పెరిగితే గాలి నుంచి కాపు తగ్గుతుంది, బలహీనుడు మరింత అలసిపోతాడు, మెల్లగా వెనకబడతాడు. బృందం విడిపోవడం ఇలాగే మొదలవుతుంది. ఎవరి తప్పూ ఉండదు. వెనక్కి తిరిగి చూసేవాడు లేకపోవడమే తప్పు.

తనకు తానే తెలియని స్థితి

వానలో తడిసిన మనిషి ఒంటిలోని వేడి చాలా త్వరగా పోతుంది. గాలి కూడా తోడైతే మరీ త్వరగా. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే దానిని వైద్యులు ప్రమాదస్థితిగా పరిగణిస్తారు. మొదట వణుకు వస్తుంది. తరువాత వేళ్లు మొద్దుబారతాయి, మాట తడబడుతుంది, అడుగు తడబడుతుంది. చివరికి ఆలోచన కూడా మందగిస్తుంది. కోస్తాలో మంచు కురవదు కదా అని ధీమా పడనక్కర్లేదు. కడుపులో తిండి లేక, రాత్రంతా నిద్ర లేక, తడిబట్టలతో గాలిలో గంటల తరబడి ఉన్నవాడికి మన శీతకాలపు తుపాను వాన చాలు.

ఇందులో గమనించవలసిన ముఖ్యాంశం ఒకటుంది. ఈ స్థితికి చేరినవాడు తన స్థితిని తాను గుర్తించలేడు. "ఏం ఫర్వాలేదు, నేను బాగానే ఉన్నాను" అంటాడు. అబద్ధం ఆడుతున్నాడని కాదు, తెలుసుకునే శక్తే తగ్గిపోయింది. అతని మాట తడబడిందని పక్కవాడు గుర్తించాలి. బృందంగా వెళ్లడానికి అసలు కారణం ఇదే.

1988 జూన్ 5న ఇటలీలో జరిగిన ఒక సంఘటనను సైకిల్ లోకం ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ దేశపు ప్రఖ్యాత సైకిల్ పందెం 'జిరో'లో ఆ రోజు 2,600 మీటర్లకు పైగా ఎత్తున్న గావియా కనుమ దాటాలి. పైన మంచు తుపాను. హాలెండుకు చెందిన యోహాన్ వాన్ డెర్ వెల్డె అందరికన్నా ముందు, పొట్టి చేతుల చొక్కాతోనే శిఖరానికి చేరాడు. ఎక్కేటప్పుడు శ్రమ వల్ల ఒంట్లో వేడి పుట్టింది. దిగేటప్పుడు శ్రమ లేదు, గాలి మాత్రం కోసేస్తోంది. అతను చలికి తట్టుకోలేక దారిలో ఆగి తలదాచుకోవలసి వచ్చింది. గమ్యం చేరేసరికి ముప్పావు గంటకు పైగా వెనకబడిపోయాడు. అమెరికాకు చెందిన ఆండీ హాంప్‌స్టెన్ బృందంవాళ్లు మాత్రం ఆ ఉదయమే దుకాణాల్లో ఉన్ని టోపీలు, చేతి తొడుగులు కొని, వేడి పానీయాలు సిద్ధం చేసుకుని దారిలో నిలబడ్డారు. ఆ రోజు రెండో స్థానంలో వచ్చిన హాంప్‌స్టెన్ చివరికి ఆ ఏటి పందెమే గెలిచాడు. కాళ్ల సత్తువ ఇద్దరికీ ఉంది. తేడా వచ్చింది పొడిబట్టల దగ్గర, ముందుగా ఆలోచించిన తోటివారి దగ్గర.

ఇరవై ఒక్క ప్రాణాలు

సైకిల్ సవారీ కాకపోయినా ఇక్కడ చెప్పితీరవలసిన విషాదం ఒకటుంది. 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో 100 కిలోమీటర్ల కొండదారి పరుగు జరిగింది. 172 మంది బయలుదేరారు. మధ్యాహ్నానికి వాతావరణం ఒక్కసారిగా మారిపోయింది. చలిగాలి, వడగండ్లు, గడ్డకట్టే వాన. చాలామంది పలుచని పొట్టి దుస్తుల్లో ఉన్నారు. గాలిని ఆపే కోటు వెంట ఉండి తీరాలన్న నిబంధన నిర్వాహకులు పెట్టలేదు. 21 మంది చనిపోయారు. వారిలో దేశంలోనే పేరున్న పరుగు వీరులూ ఉన్నారు. ఆ కొండల్లో గొర్రెలు కాసుకునే ఒక కాపరి తాను తలదాచుకున్న గుహలోకి ఆరుగురిని చేర్చి, నిప్పు రాజేసి, దుప్పట్లు కప్పి బతికించాడు.

ఆ కాపరికి పరుగు పందెం గురించి ఏమీ తెలియనక్కర్లేదు. వెనకబడిన మనిషి కనిపిస్తే లోపలికి తీసుకురావాలని తెలుసు. ఆ రోజు ఆరు కుటుంబాలకు అదే దక్కింది.

ఆగమని చెప్పగలిగినవారు

దీనికి భిన్నమైన ఉదాహరణ 2025 ఆగస్టులో బ్రిటన్‌లో కనిపించింది. లండన్ నుంచి స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో దాకా వెళ్లి తిరిగి వచ్చే సైకిల్ సవారీ నాలుగేళ్లకోసారి జరుగుతుంది. దూరం 1,500 కిలోమీటర్లకు పైమాటే. 1989లో మొదలైన ఈ సవారీకి అనేక దేశాల నుంచి వస్తారు. ఎన్నో నెలల సాధన, విమాన ఖర్చులు, సెలవులు పెట్టుబడిగా పెట్టి వస్తారు. 2025 ఆగస్టు 3న సవారీ మొదలైంది. మరునాడే 'ఫ్లోరిస్' అనే తుపాను ఉత్తర ప్రాంతాలను తాకింది. నిర్వాహకులు ఉన్నవారిని ఉన్నచోటే, దారిలోని విశ్రాంతి కేంద్రాల్లోనే ఆగిపొమ్మన్నారు. ఆ తరువాత స్కాట్లాండ్ వైపు ప్రయాణాన్నే రద్దు చేశారు. అత్యధికులు ఎడిన్‌బరో చూడకుండానే వెనుదిరిగారు.

నిరాశ లేకుండా ఎలా ఉంటుంది? ఎంతో కాలం ఎదురుచూసిన ప్రయాణం అది. కాని ఆగమని చెప్పడానికి కావలసిన ధైర్యం, ముందుకు పదండి అనడానికి అక్కర్లేదు. ముందుకు పదండి అంటే అందరూ చప్పట్లు కొడతారు. ఆగమన్నవాడిని పిరికివాడంటారు. తుపాను అటువైపు తిరిగి వెళ్లిపోతే అనవసరంగా ఆపాడంటారు. ఆ మాట పడటానికి సిద్ధపడ్డవాడే నాయకుడు.

వెనక నడిచిన నాయకత్వం

సమూహ ప్రయాణం గురించి ఇస్లాం చెప్పే మర్యాదలు మదర్సాలో చదివిన ప్రతి విద్యార్థికీ తెలిసినవే. వాటిని ఈ సందర్భంలో గుర్తు చేసుకోవడం అవసరం. ముగ్గురు కలిసి సఫర్‌కు బయలుదేరినా తమలో ఒకరిని అమీర్‌గా ఎన్నుకోవాలని మహాప్రవక్త (స) బోధించారు. దారిలో ఆగాలా, సాగాలా అన్న వివాదం వచ్చినప్పుడు ఒకరి మాట చెల్లాలి. వానలో నిలబడి పదిమంది పది రకాలుగా వాదించుకుంటే మధ్యలో నష్టపోయేది బలహీనుడే.

అంతకన్నా ఆలోచింపజేసే విషయం మరొకటుంది. ప్రయాణాల్లో మహాప్రవక్త (స) తాము వెనకగా ఉండేవారని, బలహీనుల వాహనాలను ముందుకు నడిపించేవారని, నడవలేనివారిని తమ వెనక ఎక్కించుకునేవారని, వారికోసం దుఆ చేసేవారని అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. నాయకుడి స్థానం వెనక అన్నమాట! నేటి సైకిల్ బృందాల్లో అందరికన్నా చివర వచ్చే అనుభవజ్ఞుణ్ణి 'స్వీప్' అంటారు. అతన్ని దాటి ఎవరూ వెనకబడకూడదు. పంక్చర్ పడినా, కాలు పట్టేసినా, భయపడి కూర్చుండిపోయినా అతను అక్కడ ఆగుతాడు. ఇది కొత్తగా కనిపెట్టిన పద్ధతి అనుకునేవాళ్లకు పద్నాలుగు శతాబ్దాల నాటి ఈ ఆచరణను చూపించవచ్చు.

ఇక వాన సంగతి. గాలి, వాన, చలి తీవ్రంగా ఉన్న రాత్రి ఇళ్లలోనే నమాజు చేసుకోమని అజాన్‌లో ప్రకటించేవారు. ఒక వాన రోజున, అదీ జుమా రోజున, హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) అలాగే ప్రకటన చేయించారు. ప్రజలను బురదలో, జారుడు దారిలో నడిపించడం తనకు ఇష్టం లేదని కారణం చెప్పారు. జుమా నమాజు విషయంలోనే వానకు ఇంత వెసులుబాటు ఉంటే, సరదాకోసం చేసే సవారీలో మొండిపట్టు దేనికి?

మన దారులు, మన వాన

ఇప్పుడు మన ప్రాంతానికి వద్దాం. వేమూరు చుట్టుపక్కల సైకిల్ తొక్కేవారికి కొండలు లేవు, కనుమలు లేవు. మన ప్రమాదాలు వేరు.

మొదటిది కాలువ. పడమటి డెల్టాలో చాలా రోడ్లు పంట కాలువలను, మురుగు కాలువలను ఆనుకుని సాగుతాయి. ఎన్నో చోట్ల అడ్డుగోడ ఉండదు. గట్టి వానలో, చీకట్లో రోడ్డు అంచు ఏదో, నీళ్లు ఏవో తెలియవు. రెండోది నల్లరేగడి. రోడ్డు దిగితే చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య బురద బిగుసుకుని సైకిల్ కదలదు. మూడోది చప్టా. నీళ్లు మోకాలి లోతే కదా అని దిగకూడదు. పారే నీళ్లు పాదం దాటి కొంచెం పైకి ఉన్నా మనిషిని పడేయగలవు. కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పైకి తెలియదు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద దిగువకు వెళ్లింది. అలాంటి రోజుల్లో కొల్లూరు, భట్టిప్రోలు వైపు లంక గ్రామాల దారులు ఏమవుతాయో ఇక్కడివారికి వేరే చెప్పనక్కర్లేదు.

నాలుగోది పిడుగు. 2022 ఒక్క ఏడాదిలో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయినట్లు జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు చెబుతున్నాయి. మన పొలాల మధ్య ఎత్తుగా నిలిచేవి తాటిచెట్లే. వాన రాగానే కాళ్లు చెట్టు కిందికే వెళ్తాయి. అది ప్రమాదకరమైన చోటు. సైకిల్‌కు రబ్బరు టైర్లున్నాయి కనుక పిడుగు ఏమీ చేయదన్న నమ్మకంలో నిజం లేదు. ఉరుము వినిపించగానే పక్కా భవనంలోకి చేరాలి. ఊళ్లో బడి, మసీదు, గుడి, రైలు స్టేషను ఏదైనా సరే. చివరి ఉరుము తరువాత అరగంట దాకా బయటికి రాకూడదు.

ఐదోది తుపాను. 1977 నవంబరు ఉప్పెన మన తీరానికి నేర్పిన పాఠం ఎంత ఖరీదైనదో పెద్దలకు తెలుసు. ఈనాడు పరిస్థితి వేరు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అది ఎటు వస్తోందో వాతావరణ శాఖ ముందే హెచ్చరించింది. పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలు ఇప్పుడు చేతిలోని ఫోన్‌కే వస్తున్నాయి. తెలియక వెళ్లామని చెప్పుకునే అవకాశం ఇక లేదు.

పెద్దలు అడగవలసిన ప్రశ్నలు

పిల్లలు సవారీకి వెళ్తామన్నప్పుడు "వద్దు" అని ఒక్క మాటతో తేల్చేయడం తేలిక. దానివల్ల వాళ్లు చెప్పకుండా వెళ్లడం నేర్చుకుంటారు. అంతకన్నా కూర్చోబెట్టి కొన్ని ప్రశ్నలు అడగడం మేలు.

మీ బృందానికి అమీర్ ఎవరు? ఆగమంటే అందరూ ఆగుతారా? చివర వచ్చేది ఎవరు? అతనికి పంక్చర్ వేయడం, ప్రథమ చికిత్స చేయడం వచ్చా? ఎక్కడెక్కడ ఆగి అందరినీ లెక్కపెట్టుకుంటారు? వెనక్కి తిరగాలని ఏ సంగతి చూసి నిర్ణయిస్తారు? దీనిని బయలుదేరకముందే అనుకున్నారా? అలసిపోయిన తరువాత, తడిసిన తరువాత తీసుకునే నిర్ణయం నమ్మదగినది కాదు కనుక ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం.

సామాను సంగతి కూడా చూడాలి. ముందు తెల్లని దీపం, వెనక ఎర్ర దీపం, మెరిసే పట్టీలున్న చొక్కా, తలకు హెల్మెట్, గాలివాన ఆపే కోటు, ప్లాస్టిక్ సంచిలో కట్టిన ఒక జత పొడిబట్టలు, రెండు ట్యూబులు, గాలి పంపు, ఖర్జూరాలో బెల్లం పల్లీ ఉండలో కొన్ని. మన వైపు రైలు గేట్లు చాలా ఉన్నాయి. తడిసిన పట్టాల మీద సైకిల్ ఏటవాలుగా పోతే చక్రం జారి పడేస్తుంది. నిటారుగా దాటాలి, లేదా దిగి నడిపించుకు వెళ్లాలి.

ఒకరిద్దరు వెనుదిరగవలసి వస్తే వాళ్లను ఎగతాళి చేయని స్నేహితులతోనే వెళ్లమని పిల్లలకు చెప్పాలి. "అప్పుడే అయిపోయిందా?" అన్న ఒక్క మాట భయపడి ఎందరో కుర్రవాళ్లు చేతకాని స్థితిలో కూడా తొక్కుతూ పోతారు. ఆ మాట అనని బృందమే మంచి బృందం.

ఊళ్లో మనం కూడా మన పలకరింపు మార్చుకోవాలి. సవారీ నుంచి వచ్చిన పిల్లవాడిని "ఎంత సేపట్లో చేరావు?" అని కాక, "అందరూ చేరారా?" అని అడుగుదాం. సగం దారిలో తిరిగి వచ్చినవాడు సిగ్గుతో తలవంచుకుని రాకుండా, "మంచి పని చేశావు బేటా" అని ఎదురు వెళ్దాం. దారి ఎక్కడికీ పోదు, వాన వెలిసిన మరో రోజున మళ్లీ దొరుకుతుంది. ప్రయాణాల్లో ఉన్న మన బిడ్డలందరినీ, వారి వెనక వచ్చే చివరి మనిషితో సహా, అల్లాహ్ క్షేమంగా ఇళ్లకు చేర్చుగాక!